సొకోత్రా: పేర్లు రాసుకున్నవారు, గోడలు కట్టుకున్నవారు

మా నాయనమ్మ దగ్గర ఒక రేకుడబ్బా ఉండేది. అందులో నల్లగా, గాజుపెంకులా మెరిసే ముసాంబరం ముక్కలు ఉండేవి. పిల్లలం ఎవరం కాలు బెణికించుకున్నా, మోచేయి వాచినా ఆ ముక్కను అరగదీసి, వేడిచేసి పట్టు వేసేది. ఒకసారి వేలికి అంటినదాన్ని నాకి చూసి, ఆ చేదు పోవడానికి అరగంటసేపు బెల్లం చప్పరించిన సంగతి ఇప్పటికీ మరవలేదు. ముసాంబరమంటే కలబంద పసరును ఎండబెట్టిన ముద్ద. ఆ డబ్బాలోది ఏ ఊరి సరుకో చెప్పలేను గాని, శతాబ్దాలపాటు ఈ సరుకులో మేలురకానికి పేరుపడ్డ చోటు ఒక్కటే: అరేబియా సముద్రంలోని సొకోత్రా దీవి. అరిస్టాటిల్ సలహా మీద అలెగ్జాండరు ఈ కలబంద కోసమే అక్కడ గ్రీకులను కాపురం పెట్టించాడని మధ్యయుగపు అరబ్బు రచయితలు ఒక కథ చెప్పుకున్నారు. కథ నిజమో కాదో అటుంచండి. ఒక చేదు పసరుకు అంతటి కథ కట్టారంటే దాని ధర ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

2023 ఫిబ్రవరిలో నేను ఆ దీవికి వెళ్ళాను. గల్ఫులో ఉద్యోగం చేసే రోజుల్లో ఆబూధాబీ నుంచి నేరుగా విమానం ఉందని తెలిసి, ఇక ఆగలేకపోయాను. సొకోత్రా యెమెన్ దేశానికి చెందినదే అయినా, అరేబియా తీరం కంటె ఆఫ్రికా కొమ్ముకే దగ్గర. పొడవు దాదాపు 130 కిలోమీటర్లు. నైరుతి ఋతుపవనాలు వీచే నెలల్లో ఈ సముద్రం మీద పడవ నిలవదు. 1999లో పెద్ద విమానాశ్రయం పనిచేయడం మొదలయ్యేదాకా, ఏటా ఆ నాలుగు నెలలూ ఈ దీవికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయినట్టే. అందువల్లనేమో, ఇక్కడి చెట్టూచేమలలో మూడోవంతుకు పైగా భూమి మీద మరెక్కడా లేవు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది కూడా ప్రధానంగా ఆ కారణానికే.

నేను వెళ్ళింది చెట్ల కోసం కాదు. చరిత్ర చదివే అలవాటు ఉన్నవాణ్ణి గనుక, పాత గ్రంథాలు చెప్పిన దీవిని కళ్ళారా చూద్దామని వెళ్ళాను. చూసి వచ్చాక నాకు తోచింది వేరు. ఆ గ్రంథాలు చెప్పిన దీవి తీరం దగ్గరే ఆగిపోతుంది. అసలు దీవి అక్కడినుంచి పైకి, సున్నపురాతి మీద మొదలవుతుంది.

హదిబో ఆ దీవిలో పెద్ద ఊరు. అక్కడినుంచి పాత ల్యాండ్ క్రూజర్‌లో బయలుదేరాము. డ్రైవరు సొకోత్రా మనిషి, నలభై ఏళ్ళవాడు. అజ్మాన్‌లో నాలుగేళ్ళు పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. నా అరబ్బీ, ఆయన హిందీ కలిపితే ఒక భాషకు తక్కువ, అరభాషకు ఎక్కువ. నన్ను "భాయి" అనేవాడు, నేనూ అదే అన్నాను. తీరం వెంట పడమరగా కొంతదూరం వెళ్ళి, దక్షిణానికి తిరిగి కొండెక్కితే డిక్సమ్ పీఠభూమి వస్తుంది. ఎడమవైపు హగ్గీర్ పర్వతాలు గ్రానైటు పళ్ళలా మబ్బుల్లోకి పొడుచుకుని ఉంటాయి. పైకి వచ్చాక తారురోడ్డు వదిలితే, ఇక బండికి దారి అన్నది డ్రైవరు జ్ఞాపకంలోనే ఉంటుంది.

సున్నపురాయి నేల మన రాయలసీమ నాపరాళ్ళ బయళ్ళను గుర్తుచేస్తుందని మొదట అనుకున్నాను. కాదు. ఇది వాన కొరికిన రాయి. లక్షల ఏళ్ళుగా నీరు కరిగించి, తొలిచి, అంచులను కత్తుల్లా పదునుపెట్టింది. ఈ రాతి కింద గుహలు, పాయలు. పైన పడ్డ నీరు పైన నిలవదు. రాతి పగుళ్ళలో, గుంటల్లో మాత్రం ఎర్రమట్టి పేరుకుంటుంది. ఆ మట్టి ఉన్నచోట, చలికాలపు వానల తరువాత, పచ్చిక మొలుస్తుంది. దూరం నుంచి చూస్తే పచ్చటి మైదానం. దగ్గరికి వెళితే తెల్లరాయి, పచ్చిక, తెల్లరాయి, పచ్చిక: చినుకుల చీర పరచినట్టు. అందులో మేకలు, గొర్రెలు, మూపురం లేని పొట్టి ఆవులు. ఒంగోలు గిత్తలను చూసి పెరిగిన కళ్ళకు ఆ ఆవులు దూడల్లాగే కనిపించాయి.

ఆ పచ్చిక నడుమ గోడలున్నాయి. మట్టి లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చినవి. మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు. కొన్ని ఒక దొడ్డి చుట్టూ తిరిగి ఆగిపోతాయి. కొన్ని మాత్రం మిట్ట దిగి, పల్లం ఎక్కి, కనుచూపు మేర వెళతాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. లోయ అంచు నుంచి ఫొటో తీసుకోవాలని నాకు పట్టుదల. అడ్డంగా ఒక గోడ, గోడ అవతల పచ్చిక. గోడకు ఒకచోట గండి ఉంది. డ్రైవరు చుట్టూ తిరిగి నడిచి వెళదామన్నాడు. "ఇది మేత, దారి కాదు భాయి" అన్నాడు. ఎండలో అరగంట నడవడం ఎందుకని నేను గండిలోంచి పోనిమ్మన్నాను. డబ్బిచ్చి బండి మాట్లాడుకున్నవాడి గొంతుతోనే అన్నానని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన ఇంకేమీ అనలేదు. గండి మేము అనుకున్నంత వెడల్పు లేదు. కుడివైపు గోడ కూలింది, పదునైన రాతి అంచు ముందు టైరును చీల్చింది. జాకీ పెట్టి స్టెపినీ బిగించడానికి అరగంట పట్టింది. గోడ సంగతి తరువాత చెబుతాను.

ఆ అరగంటలో నేను ఆ గోడ నీడన కూర్చుని, దీని గురించి చదివినదంతా గుర్తుచేసుకున్నాను. 1834లో ఈస్టిండియా కంపెనీవారి సర్వే నౌక పాలినూరస్ ఇక్కడికి వచ్చింది. అందులోని లెఫ్టినెంట్ వెల్‌స్టెడ్ ఒంటెల మీద దీవి లోపలికి వెళ్ళి, మరుసటి ఏడు ఒక వివరమైన నివేదిక ప్రకటించాడు. కొండవాలుల మీద మైళ్ళకొద్దీ సాగిన రాతిగోడలను అతడు చూశాడు. అవి ఒకప్పుడు కలబంద తోటలకు హద్దులని, ఆ వ్యాపారం తగ్గి పడిపోతున్నాయని రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన పురాతత్వవేత్తలలో కొందరు కలబంద అన్నారు, కొందరు సాంబ్రాణి తోటలన్నారు, కొందరు తెగల మధ్య సరిహద్దులన్నారు. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఆ గోడల మీద ఒక్క అక్షరం లేదు.

అక్షరాలు ఉన్నది మరోచోట.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, ఈజిప్టులో కాపురమున్న ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రం నుంచి భారతదేశం దాకా రేవులను వర్ణిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అన్న పేరుతో మన చరిత్ర పుస్తకాలన్నింటిలో కనిపించేది అదే. మన బందరు ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని చెప్పినది ఆ పుస్తకమే. అందుకే తెలుగువారికి అది కాస్త ఇష్టమైన పుస్తకం. అదే పుస్తకంలో సొకోత్రా కూడా ఉంది, డియోస్కురిడీస్ అన్న గ్రీకు పేరుతో. పెద్ద దీవి, కాని ఎడారి. ద్రాక్ష లేదు, ధాన్యం లేదు. బల్లుల మాంసం తింటారు, వాటి కొవ్వును నూనెకు బదులు వాడతారు. తాబేటి చిప్పలు దొరుకుతాయి. చెట్టు నుంచి చుక్కలుగా కారే ఎర్రటి సరుకు దొరుకుతుంది, దాన్ని ఇండియా సింధూరం అంటారు. భృగుకచ్ఛం నుంచీ కేరళ తీరం నుంచీ వచ్చే నావలు బియ్యం, గోధుమ, బట్ట, కొందరు దాసీలను ఇచ్చి తాబేటి చిప్పలు తీసుకుపోతాయి. ఇంత చెప్పి, జనం కొద్దిమందే అనీ, ఉత్తరపు తీరాన మాత్రమే ఉంటారనీ, వాళ్ళు అరబ్బులూ భారతీయులూ గ్రీకులూ కలిసిన పరాయివారనీ అంటాడు.

ఉత్తరపు తీరం! అంటే ఆయనకు వివరం చెప్పినవాళ్ళు చూసింది రేవునే. తాబేటి చిప్పకు ధర ఎంతో తెలుసు. చెట్టుకు గాటు పెట్టి ఆ ఎర్రటి చుక్కను సేకరించింది ఎవరో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కలగలేదు. ఆ చెట్లు తీరాన ఉండవు. ఇక్కడే, ఈ మంచు పట్టే సున్నపురాతి మీద, కొండలలో ఉంటాయి. వాటి దగ్గర ఎవరో ఉండేవారు. పెరిప్లస్‌లో వారు లేరు.

తీరానికి వచ్చినవారు తమ గుర్తులు తామే వదిలారు. దీవి ఈశాన్యంలో, కొండవాలులో, హోక్ అన్న గుహ ఉంది. అక్కడికి బండి వెళ్ళదు, తీరం నుంచి రెండు గంటలు ఎక్కాలి. లోపల రెండు కిలోమీటర్లకు పైగా విస్తరించిన చీకటి. ఆ చీకటిలోకి 2000 సంవత్సరం దాటాక బెల్జియం గుహాన్వేషకులు దీపాలతో వెళ్ళి చూస్తే, వెలుతురు చొరబడని లోతులో గోడల మీద, నేల మీద, సున్నపు స్తంభాల మీద రెండు వందలకు పైగా రాతలూ బొమ్మలూ కనబడ్డాయి. బొగ్గుతో, సుద్దతో, మట్టితో రాసినవి, గీకినవి. ఎక్కువభాగం బ్రాహ్మీ లిపి! దక్షిణ అరేబియా లిపి, ఇథియోపియా లిపి, గ్రీకు కూడా ఉన్నాయి గాని, ఆ గుహ ప్రధానంగా భారతీయ నావికుల సంతకాల పుస్తకం. ఇంగో స్ట్రౌఖ్ అన్న జర్మన్ పండితుడు వాటిని పరిష్కరించి 2012లో గ్రంథంగా తెచ్చాడు. అధికభాగం క్రీస్తుశకం రెండు నుంచి నాలుగు శతాబ్దాల నాటివి, అంటే మన గడ్డ మీద శాతవాహనులు ఓడ బొమ్మతో నాణేలు వేసిన కాలానికీ, ఆ తరువాతి ఇక్ష్వాకుల కాలానికీ సరిపోయేవి. ఊరు చెప్పుకున్నవారిలో గుజరాతు తీరంవారు కనిపిస్తారు: భరుకచ్ఛం, హస్తకవప్రం. రాసినదేమిటి? నేను ఫలానా, ఫలానావాని కొడుకును, ఫలానా ఊరివాణ్ణి, వచ్చాను. అంతే. కొందరు స్తూపం గీశారు, కొందరు త్రిశూలం, ఒకరు ఓడ.

దీపం పట్టుకుని అక్కడ నిలబడ్డప్పుడు ఒళ్ళు జలదరించింది, దాచను. అశోకుని శాసనాల మీద, అమరావతి శిల్పాల మీద చూసిన ఆ అక్షరాలే, ఒక సామాన్య నావికుని చేతివంకరతో. రాజు చెప్పించినది కాదు, దానధర్మం కాదు. గాలి తిరిగేదాకా ఇక్కడ చిక్కుబడి, ఇంటిని తలుచుకుని రాసుకున్న పేరు అనిపించింది. పాల్మైరా నుంచి వచ్చిన అబ్గర్ అనే మనిషి 258వ సంవత్సరం జులైలో ఒక చెక్కపలక మీద ఏదో రాసి గుహలో పెట్టాడు. దీన్ని చదివేవారు నన్ను దీవించండి, పలకను ఉన్నచోటనే ఉంచండి అన్నది అందులోని కోరిక. తన తరువాత కూడా ఎవరో వస్తారని అతడికి తెలుసు.

ఈ సందర్భంలోనే దీవి పేరు గురించి ఒక మాట. సంస్కృతంలో సుఖాధార ద్వీపం అన్నదే సొకోత్రా అయిందని మనవారు ఉత్సాహంగా చెబుతూ ఉంటారు. నాకూ ఆ ఉత్సాహం ఉండేది. కాని దక్షిణ అరేబియా ప్రాచీన శాసనాలలో స, క, ర, ద అన్న హల్లులతో ఈ దీవి పేరు కనిపిస్తుంది. గ్రీకు పేరూ, సంస్కృతం పేరూ ఎవరికి వారు తమ చెవికి అర్థమయ్యేలా దిద్దుకున్నవి కావడానికే ఎక్కువ అవకాశం ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. గుహలో పేరు రాసుకున్నట్టే ఇదీ.

ఆ తరువాతి చరిత్ర కూడా ఈ వరుసలోనే నడిచింది, త్వరగా చెప్పేస్తాను. ఆరో శతాబ్దంలో కాస్మస్ ఇక్కడి క్రైస్తవులను గురించి రాశాడు. మార్కో పోలో ఇక్కడివారు గాలిని మంత్రించి ఓడలను వెనక్కి తిప్పగలరని విన్నాడు. 1507లో పోర్చుగీసువారు సూక్ కోటను పట్టుకుని, పంటా వైద్యమూ అందక 1511లో వదిలిపోయారు. 1542లో గోవాకు వెళుతూ ఫ్రాన్సిస్ జేవియర్ ఆగాడు. వెల్‌స్టెడ్ సర్వే జరిగాక కంపెనీవారు దీవిని కొనబోయారు. సుల్తాను అమ్మనన్నాడు. అప్పటికే దింపిన సైనికులు జ్వరాలతో పడిపోతే వెనక్కి తీసుకుపోయారు. బొగ్గు ఓడలకు మజిలీగా 1839లో ఏడెన్‌ను పట్టుకున్నారు. 1967 తరువాత దక్షిణ యెమెన్ కాలపు రష్యన్ టాంకులు ఉత్తరపు తీరాన సముద్రం వైపు చూస్తూ తుప్పుపట్టి ఉన్నాయి. పిల్లలు వాటిమీద ఎక్కి ఆడుకుంటున్నారు. ప్రతివారూ వచ్చినది తీరానికే, ప్రతివారూ ఏదో ఒకటి రాసుకునే వెళ్ళారు.

మరి పైనున్నవారు? వారి సొకోత్రీ భాష అరబ్బీకి దూరపు చుట్టం, అరబ్బీ కాదు. ఆ భాషకు లిపి లేకపోయింది. 2014లో రష్యన్ పండితులు నౌమ్‌కిన్ బృందంవారు అరబ్బీ అక్షరాల ఆధారంగా ఒక లిపిని ప్రతిపాదించేదాకా సొంత రాత అంటూ లేదు. కాని కవిత్వం ఉంది, తగువులను పద్యాలతో తీర్చుకునే సంప్రదాయం ఉంది. మిరాండా మోరిస్ దశాబ్దాలపాటు వాటిని విని సేకరించి, 2021లో ఒక సొకోత్రా సహరచయితతో కలిసి పెద్ద గ్రంథంగా ప్రచురించింది. అంతకు ముందు ఆమె చేసిన మరో పని, నా దృష్టిలో, ఇంకా విలువైనది: వాళ్ళు నేలను ఎలా వాడుకుంటారో రాసిపెట్టడం. ఏ తెగ మేత ఎక్కడిదాకా, వాన పడ్డాక ఏ పచ్చికను ఎన్నాళ్ళు మూసి ఉంచాలి, కరువొస్తే పొరుగువారి నేల మీదికి మందను తోలడానికి ఎవరిని ఎలా అడగాలి, అడిగితే కాదనడం ఎందుకు కుదరదు, పచ్చి కొమ్మను ఎప్పుడు నరకకూడదు. సున్నపురాతి మీద పచ్చిక మిగలడమన్నది వానతో పాటు ఈ కట్టుబాట్ల మీద కూడా ఆధారపడింది. గోడ ఆ కట్టుబాటుకు కంటికి కనిపించే గుర్తు.

ఫిర్మిహిన్‌లో చూసినదానితో ఆ మాట మరింత బోధపడింది. పెరిప్లస్ చెప్పిన సింధూరపు చెట్లు అడవిగా ఉన్నది అక్కడే. గాలికి తిరగబడ్డ గొడుగుల్లా వేలకొద్దీ చెట్లు. గాటు పెడితే నెత్తురు రంగు జిగురు. మన పచారీ కొట్లలో ఖూన్‌ఖరాబా అని అమ్మినది ఇదే సరుకు. అరబ్బీలో దీన్ని అన్నదమ్ముల నెత్తురంటారు. అంత అడవిలో మోకాలెత్తు మొక్క ఒక్కటి చూపించమని డ్రైవరును అడిగాను. మేక ఎక్కలేని కొండచరియను చూపించాడు. అక్కడ రెండు ఉన్నాయి. కిందనున్నవన్నీ ముసలివే. చిన్నమొక్కను మేకలు మిగలనివ్వవు. 2015 నవంబరులో వారం వ్యవధిలో చపల, మేఘ్ అనే రెండు తుపానులు వచ్చినప్పుడు వేలాది చెట్లు కూలాయి. హోమ్‌హిల్‌లో వేళ్ళతో సహా పడి ఉన్నవాటిని తరువాతి రోజు చూశాను. కూలినచోట కొత్తది రావాలంటే గోడ కావాలి. కొన్నిచోట్ల ఊరివారు, పరిశోధకులు కలిసి దొడ్లు కట్టి నారు పెంచుతున్నారు. ఏమీ కొత్తది కాదు, పాత గోడే.

కట్టుబాటు సడలడానికి కారణాలలో నేను వచ్చిన రోడ్డు కూడా ఒకటని చెప్పక తప్పదు. 2000లో దీవిని భాగాలుగా విభజించి, ఎక్కడ ఏమి చేయవచ్చో చెప్పే సంరక్షణ ప్రణాళిక ఒకటి యెమెన్ ప్రభుత్వం చట్టంగా తెచ్చింది. ఆ దశకంలోనే కొండల మీదికి వెడల్పాటి రోడ్లు పడ్డాయి. రోడ్డు వల్ల ప్రసవానికి ఆసుపత్రి చేరిన తల్లులున్నారు. వాళ్ళ ముందు రోడ్డు వద్దనే హక్కు నాకు లేదు. కాని రోడ్డు దిగి పక్కకు తిరిగే ప్రతి బండీ ఒక కొత్త గీత గీస్తుంది, ఎర్రమట్టి పొర ఒకసారి లేచిపోతే సున్నపురాయి మీద మళ్ళీ పేరుకోవడానికి ఎన్ని తరాలు పడుతుందో ఆ గీత గీసినవాడికి పట్టదు. మా చక్రాల గుర్తు గోడ దాటి పది బారలు పచ్చికలోకి ఉంది. ఫొటో నా దగ్గర ఉంది.

గోడ సంగతి చెబుతానన్నాను. స్టెపినీ బిగించడం పూర్తయ్యేసరికి మిట్ట మీదినుంచి ఒక ముసలాయన దిగి వచ్చాడు. లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. డ్రైవరు ఎదురువెళ్ళి, ముక్కుకు ముక్కు తాకించి పలకరించాడు. చాలాసేపు ఇద్దరూ సొకోత్రీలో మాట్లాడుకున్నారు. నా వైపు ఎవరూ వేలు చూపలేదు. ఆయన కోపంగా ఉన్నాడా అని అడిగితే, "అడుగుతున్నాడు, నీ దేశంలో వాన పడిందా అని" అన్నాడు డ్రైవరు. పడిందని చెప్పమన్నాను.

తరువాత ముగ్గురం కలిసి కూలిన రాళ్ళు ఏరాము. నేను పెద్దవి ఎత్తి, కింద వరుసలో పక్కపక్కనే నిలబెట్టాను, ఇటుకలు పేర్చినట్టు. ముసలాయన కాసేపు చూసి, నేను పెట్టిన రాయిని తీసి, పొడవు గోడ లోపలికి పోయేలా తిప్పి పెట్టాడు. దాని కింద ఒక చిన్న పలుకు దోపాడు. చేత్తో ఊపి చూపించాడు, కదలలేదు. రెండోది నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. దాన్నీ తీసి మళ్ళీ పెట్టాడు. మూడోదాన్ని మాత్రం ఊపి చూసి, అలాగే ఉంచాడు.